బిల్లు లేని వాపసు

బిల్లు లేకుండా పాడు బట్టను కొట్టుకు తిప్పి ఇవ్వడం అనే వ్యవహారానికి ముగ్గురు మనుషులు కావాలి. కొన్నవాడు, అమ్మినవాడు, ఆ ఇద్దరినీ ఎరిగినవాడు. మూడోవాడు దొరక్కపోతే పని జరగదు. బట్టలో లోపం ఉండటం కూడా అవసరమే గానీ, దాని వంతు నాలుగోది.

ఇక్కడ చెప్పేది గూడూరు పద్ధతి. రైలు జంక్షన్ ఉన్న గూడూరు కాదు, బందరు నుంచి పామర్రు వెళ్ళే రోడ్డు మీది గూడూరు. ఆ మండలంలోనే మగ్గాల ఊరు కప్పలదొడ్డి ఉంది, పక్కనే అద్దకాల పెడన ఉంది. గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి పోగు సంగతి చెప్పగలిగేవాళ్ళకు ఈ చుట్టుపక్కల కొదవ లేదు. అయినా ఒక్క ఉతుకుకే మోచేతుల దాకా పాకే చొక్కాలు ఇక్కడి దండేల మీదా ఆరుతూనే ఉంటాయి. కొనేటప్పుడు అందరూ అద్దంలోకి చూస్తారు, గుడ్డ వంక ఎవరూ చూడరు.

లోపాల్లో కుట్టు ఊడటం చిన్నది, ఇంట్లో సూది ఉంటుంది. గుండీ రాలడం అసలు లోపం కిందికే రాదు. పెద్దది రంగు దిగడం. పండక్కి కొన్న మెరూన్ చొక్కాను బకెట్లో వేస్తే అరగంటకు నీళ్ళు తాంబూలం ఉమ్మినట్టవుతాయి. అదే బకెట్లో ఉన్న పెద్దాయన తెల్లపంచె లేత గులాబీ రంగులో పైకి తేలుతుంది. ఆ పంచె కట్టుకుని ఆయన అరుగు మీద కూర్చున్న రోజే వాపసు ఆలోచన మొదలవుతుంది. కొట్టువాడు మాత్రం ఒకటే అడుగుతాడు: “మొదటిసారి ఉప్పునీళ్ళలో నానేశారా అండీ?” ఈ పరీక్షలో పాసైన ఇల్లు లేదు.

పెడనలో కలంకారీ గుడ్డకు ముందు కరక్కాయ పట్టిస్తారు. పటిక కలిపిన అద్దకం వేసి, ఉడకబెట్టి, పారే నీళ్ళలో జాడిస్తారు. రంగు గుడ్డను వదలకుండా ఉండటానికే అంత చాకిరీ. ఆ రంగులు చూసే 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు బందరులో కొఠీలు పెట్టారు. వాపసుల వ్యవహారం అప్పటికీ ఉంది. కంపెనీ మనుషులు ఒక్కో తానునూ నమూనా పక్కన పరిచి చూసి, నాసిదనుకుంటే వెనక్కి ఇచ్చేసేవారు. బిల్లు చూపించమనే ధైర్యం సాలెవారికి లేదు. మన రంగుల గుడ్డలకు గిరాకీ పెరిగి సీమలో నేతగాళ్ళు గగ్గోలు పెట్టడంతో 1686లో ఫ్రాన్సు వాటిని నిషేధించింది, 1700లో ఇంగ్లండు దిగుమతికి అడ్డంగా చట్టం తెచ్చింది. 1721లో అక్కడ చాలారకాల అద్దకం గుడ్డలను కట్టుకోవడం కూడా నేరమైంది. సరుకు మరీ బాగుందన్న ఫిర్యాదు గూడూరులో ఏ కొట్టుకూ ఇంతవరకు రాలేదు.

ఇక బిల్లు ఎందుకు ఉండదన్నది. “బిల్లు కావాలా అండీ?” అని కొట్టులో అడిగే తీరులోనే అక్కర్లేదన్న జవాబు ఉంటుంది. కావాలంటే బేరంలో తగ్గిన యాభై మళ్ళీ పెరుగుతుంది. ఒకవేళ ఇచ్చినా, మిషను మీద కొట్టిన బిల్లు బీరువాలో కొన్నాళ్ళుంటే తెల్లకాగితమవుతుంది. అన్నిటికన్నా ఎక్కువ బిల్లులను మింగింది చొక్కా జేబు. భద్రంగా ఉంటుందని కొత్త చొక్కా జేబులోనే పెడతారు, దానితోపాటే ఉతుకుతారు. ఆ ముద్దను విప్పి చూపితే కొట్టువాడు కళ్ళజోడు సవరించుకుని, “ఇందులో ఏముందండీ?” అంటాడు. అది నిజమే.

బిల్లుకు బదులు సాక్ష్యంగా పనికొచ్చేది కొట్టు పేరున్న సంచి. అయితే ఆ సంచిలో అప్పటికే నాలుగు వారాల కూరగాయలు, ఒకసారి ఎండుచేపలు వచ్చి ఉంటాయి. వాసన చూస్తే సాక్ష్యం చెల్లదు.

వెళ్ళే వేళ ముఖ్యం. పొద్దున్నే బోణీ కాకముందు వాపసు సంచితో గుమ్మం ఎక్కితే ఆ మనిషిని ఏడాదిపాటు గుర్తుపెట్టుకుంటారు. దీపాలు పెట్టాక గల్లాలోంచి డబ్బు బయటికి రాదు. శుక్రవారం అసలే రాదు. మధ్యాహ్నం యజమాని భోజనానికి వెళ్తాడు, వచ్చాక కునుకు. మిగిలేది పదకొండూ పన్నెండున్నర మధ్య గంటన్నర. ఆషాఢం డిస్కౌంటులో కొన్నదైతే ఆ గంటన్నరా లేదు.

సంభాషణ ఎప్పుడూ చొక్కా మీద మొదలవదు.

“ఎవరి తాలూకండీ?”

“మల్లవోలండీ.”

“మల్లవోల్లో ఎవరు?”

“మునసబు గారి మేనల్లుణ్ణండీ.”

“ఆరి! మరి ముందే చెప్పొద్దూ! కూర్చో బాబూ. ఒరే, టీ చెప్పు.”

మునసబు పదవులు రద్దయి నాలుగు దశాబ్దాలైనా ఈ రసీదు ఇంకా చెల్లుతోంది. చొక్కా సంగతి టీ తర్వాత.

చట్టం చెప్పేది వేరు. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం కూడా అంతే. లోపం మోసుకొచ్చినవాడి ముందు “అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు” అన్న బోర్డు గోడ మీద అలంకారం. ఫోన్లో డబ్బు పంపి ఉంటే ఆ వివరం కొన్నట్టు రుజువుగా పనికొస్తుంది. సలహాకు 1915 నంబరు ఉంది. జిల్లా కమిషన్‌లో రెండేళ్ళలోపు ఫిర్యాదు ఇవ్వొచ్చు, అయిదు లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. ఇంత వెసులుబాటు ఉన్నా ఎవరూ కదలరు. మూడువందల యాభై చొక్కా కోసం బందరు తిరిగితే ఆటోలకూ టిఫిన్లకూ ఇంకో చొక్కా డబ్బులవుతాయి. పైగా “కొట్టు మీద కేసేశాడంట” అన్న మాట మనిషికన్నా ముందు ఊరు చేరుతుంది, ఇంట్లో సంబంధాలు చూస్తుంటే అది మంచిది కాదు.

చీరలకు ఈ పద్ధతంతా వర్తించదు. ఫాల్ కుట్టించిన చీరను ఏ కొట్టూ ముట్టుకోదు. పెట్టుబడి చీరైతే ఎక్కడ కొన్నారో అడగడమే తప్పు. అంచు దగ్గర పోగు లేచిన చీరను చడీచప్పుడు లేకుండా మడిచి, వచ్చే గృహప్రవేశంలో బొట్టుపెట్టి వదినగారి చేతిలో పెడతారు. ఆమె దాన్ని తోడికోడలికి పెడుతుంది. ఇలా తిరిగి తిరిగి ఏ శ్రావణంలోనో మొదటి ఇంటికే చేరుతుంది. వాపసు పూర్తయినట్టు. ఈ దారిలో బిల్లు అడిగినవాళ్ళు లేరు.

చొక్కా కథ మాత్రం కొట్టులోనే తేలుతుంది. డబ్బు తిరిగి రాదు, మార్చుకోవాలి. నచ్చిన చొక్కాకు ఎప్పుడూ రెండు వందలు ఎక్కువే ఉంటుంది, అది మునసబు గారి ముఖం చూసి నూట యాభైకి దిగుతుంది. తెచ్చిన మెరూన్ చొక్కాను కుర్రాడు ఇస్త్రీ పెట్టి, అట్ట దూర్చి, గుండుసూదులు గుచ్చి మళ్ళీ పై అరలో పెడతాడు. మార్చి ఇచ్చిన చొక్కాకు బిల్లు ఇవ్వరు.