అరోరాకు రాగిపిండి

మా తిరుపతి మిత్రుడొకడు ఐస్‌లాండుకు ఫొటోల యాత్ర కట్టాడు. అదీ చౌకలో! అక్కడ భోజనం ఖరీదని విని, కిరాణాకొట్టు కాటా మీద పెట్టె తూచుకున్నాడు. రాగిపిండి ఐదు కిలోలు, పప్పులపొడి రెండు, చింతకాయ ఊరగాయ ఒక డబ్బా. ట్రైపాడ్‌కు చోటు చాల్లేదు. ఊరగాయ తీస్తాడనుకున్నారా? ట్రైపాడే తీసేశాడు. రాత్రి ఆకాశంలో మెరిసే అరోరా వెలుగులను, చలికి వణక్కుండా, కెమెరా చేత్తో పట్టి తీస్తాడట!

"ఏముందప్పా అక్కడ?" అన్నాను.

"స్కోగాఫాస్ జలపాతం, 60 మీటర్లు!"

తలకోన 270 అడుగులు, అంటే 82 మీటర్లు. "అదెక్కడికి పోతుందిలే" అన్నాడు.

సముద్రం ఒడ్డున రాతి తోరణం కూడా ఉందట. మన తిరుమల కొండ మీద శిలాతోరణం దగ్గర మనవాడు తీసింది ఒక్కటే ఫొటో. అందులో బామ్మర్ది ఉన్నాడు, తోరణం లేదు. ఆ రాళ్ల వయసు సుమారు 150 కోట్ల ఏళ్లు. ఐస్‌లాండులో ఎంత ముసలి రాయైనా రెండు కోట్లు దాటదు. పసిరాళ్లు, పాపం.

షెంగెన్ వీసా వచ్చేసింది. పిల్లల సెలవులు కలిసొస్తాయని జూన్ మొదటి వారానికి టిక్కెట్లు తీశాడు.

ఆ నెల అక్కడ చీకటే పడదు.