మూడో ప్రమాద హెచ్చరిక

పుస్తెలమ్మయినా పులస తినాలని మా గోదావరి జిల్లాల సామెత. అది కట్టినవాడు మగాడే అయ్యుంటాడని మా ఆవిడ వాదన. పుస్తెలు ఉండేది ఆవిడ మెళ్లో, పులుసు పెట్టాల్సింది ఆవిడ. లొట్టలేసుకుని తిని, ఆపైన సామెత చెప్పేది మాత్రం ఆయన. "అదే ఆడది కట్టుంటే వాచీ అమ్మయినా అనేదండి" అంటుంది. నేను వాచీ పెట్టుకోవడం మానేసి చాలా కాలమైంది. రిటైరైనవాడికి టైముతో పనేముంది? ఎప్పుడేం చెయ్యాలో ఆవిడే చెబుతుంది. లెమ్మంటుంది, బీపీ మాత్ర వేసుకోమంటుంది, వంటింట్లోంచి అవతలికి నడవమంటుంది.

ఆ చివరిదానికి కొంచెం పూర్వకథ ఉంది. నేను ధవళేశ్వరం బ్యారేజీ మీద ఉద్యోగం వెలగబెట్టాను. మొత్తం 175 గేట్లు. వరదొస్తే ఎన్ని లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి పోతున్నాయో గంటగంటకీ రాసిన చెయ్యి ఇది. అలాంటివాణ్ణి ఓ సాయంత్రం శాలువా కప్పి ఇంటికి పంపించేస్తే ఏం చేస్తాడు? ఉన్న గేట్లే చూసుకుంటాడు. స్టవ్వు మంట అంత పెద్దదెందుకు, చింతపండు అంత నానబోశావేంటి, ఫ్రిజ్‌లో ఈ గిన్నె ఎప్పటిది అని అడుగుతాడు. నేను దాన్ని పర్యవేక్షణ అంటాను. ఆవిడ అనే మాట వేరే ఉంది గానీ పత్రికల్లో వేసుకోరు. పెళ్లయి నలభై ఏళ్లవుతున్నా, రోజుకు పది గంటలు నేను గట్టు మీదే ఉండేవాణ్ణి కాబట్టి మేం ఒకరినొకరు పూర్తిగా చూసుకున్నది ఈమధ్యనే.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ పట్టిక మా ఇంట్లోనూ అక్షరాలా అమల్లో ఉంది. గిన్నెల చప్పుడు కాస్త పెరిగితే మొదటిది. లంకల్లో ఉన్నవాళ్లు సామాను సర్దుకోవాలి. "మీ ఇష్టమండీ, చదువుకున్నోరు" అంటే రెండోది. "ఏంటలా ఉన్నావు?" అని అడిగినప్పుడు "ఏం లేదండీ" అని జవాబొస్తే మూడోది. ఇహ పునరావాస కేంద్రమే గతి. మా వీధిలో అది రామాలయం అరుగు. అక్కడ నాలాంటి ముంపు బాధితులు ఎప్పుడూ ఇద్దరో ముగ్గురో ఉంటారు. 1986 ఆగస్టులో గోదారికి 35 లక్షల క్యూసెక్కులొచ్చాయి. ఉద్యోగంలో చేరిన కొత్త, ఆ వరద కళ్లారా చూశాను. దానికి సాటి వచ్చే వరద మళ్లీ చూసింది కిందటేడు, మా హాల్లో.

కిందటేడు ఎర్రనీరు తగిలిన కొత్తలో గట్టు మీద ఓ చేప కొన్నాను. ఎంతకు కొన్నానో రాయను, ఈ పత్రిక మా ఇంటిక్కూడా వస్తుంది. గుమ్మంలోంచే కేకేశాను, "ఇదుగో, పులస!" అని.

మా ఆవిడది అంతర్వేది పక్కన పల్లె. గోదారి సముద్రంలో కలిసే చోట పుట్టిన మనిషి. చేపని పళ్లెంలో పెట్టి పొట్ట కింద వేలితో రాసింది. పొలుసొకటి గోటితో లేపి వెలుతురుకి పట్టింది.

"పులస కాదండి, ఇలస. ఒడిశా నుంచి ఐసులో వచ్చింది. ఎంత తెల్లగా ఉందో చూడండి. ఏటి నీళ్లు తాగినదానికి బంగారు చాయ వస్తుంది."

"జీవితమంతా బ్యారేజీ మీద గడిపాను. పులసేదో నాకు తెలీదంటావా?"

"గేట్లెత్తడం వేరండి, చేప తోమడం వేరు."

ఆవిడ చెప్పిన శాస్త్రం శాస్త్రమే, కాదనను. సముద్రంలో ఉన్నంతసేపూ అది ఇలస. వరదనీరు తగలగానే గుడ్లు పెట్టడానికి ఏటికెదురీదుతూ వస్తుంది. ఉప్పంతా విడిచి, మంచినీటి రుచి పట్టి, పులసవుతుంది. పైకి పోదామంటే మా బ్యారేజీ అడ్డం. సముద్రపు మొగ నుంచి ధవళేశ్వరం దాకానే దాని రాజ్యం. ఒడిశా ఇలసని పులసని అంటగట్టే వ్యాపారం ఉందన్నదీ లోకానికి తెలిసిందే. కానీ నేను కొన్నది పులసే. ఆ మాట ఇవాళా అంటాను.

"మీ అంతర్వేదిలో ఉప్పునీటి చేపలే కదా! ఏటి చేప సంగతి మీకేం తెలుస్తుంది?" అన్నాను.

"ఏం లేదండీ" అంది. 17.75.

అరుగు మీదికి పోదామంటే వాన. ఇంట్లోనే ఉండిపోయాను. మాటల్లేవు గానీ కబుర్లు మాత్రం అందుతూనే ఉన్నాయి. వాసనకి గోడ దిగిన పిల్లి ఒకటి మా ఇద్దరి మధ్యా రాయబారి. "ఏమే, చొక్కా తడిసిందేమో మార్చుకోమను" అంటుంది ఆవిడ దాంతో. "మారుస్తాన్లే అని చెప్పు" అంటాను నేను. పిల్లి ఎవరి మాటా చేరవేసేది కాదు. చేప వైపే చూసేది.

ఆ మధ్యాహ్నం వీరేశలింగం గారి స్వీయచరిత్రము తీసి పిల్లికి వినబడేలా ప్రసంగం మొదలెట్టాను. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించాక పంతులు గారింటికి వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రావడం మానేశారు. రాజ్యలక్ష్మమ్మ గారు స్వయంగా గోదారికెళ్లి బిందెలతో నీళ్లు మోశారు, వచ్చిన వాళ్లందరికీ వండి వడ్డించారు. "నలభై తొమ్మిదేళ్ల కాపురం! భర్త మాటకి ఎదురుందా?" అన్నాను. "పంతులు గారు దిక్కులేని ఆడపిల్లలకి పెళ్లిళ్లు చేశారు. ఈయనేం చేశారో అడగవే" అంది ఆవిడ పిల్లితో. పుస్తకం మూసేశాను. మంచి పుస్తకాన్ని ఇంటి తగువుల్లోకి లాగకూడదు.

అసలు చిక్కు వంట దగ్గరొచ్చింది. పులస పులుసుకి మట్టి దాకే ఉండాలి, మంట సన్నగా ఉండాలి. ముక్క విడిపోతుంది కాబట్టి గరిటె పెట్టకూడదు. చెంగో గుడ్డో పట్టుకుని దాకనే అటూ ఇటూ తిప్పాలి. మా ఆవిడకి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం లేదు. ఆ దాక బరువు ఆవిడ వల్ల కాదు. కాసేపు వంటింట్లో అలికిడి లేదు. తర్వాత వినబడింది, "దాక తిప్పమనవే."

వెళ్లాను. తిప్పాను. చింతపండు పులుసు కుతకుతమంటోంది. బెండకాయలు పడ్డాయి, పచ్చిమిరపకాయలు పడ్డాయి. దింపే ముందు ఆవకాయ జాడీలోంచి పైన తేరిన నూనె ఓ గరిటెడు పోసింది. మంట గురించి నాకో అభిప్రాయం ఉంది గానీ పైకి అనలేదు. "ఎడంపక్కకి" అంది. ఆ మాట పిల్లితో కాదు.

పులస పులుసు పెట్టిన పూట తినరు, మర్నాటికి గానీ ముక్కకి పులుసు పట్టదు. ఇలసకి ఇంత మర్యాద ఎందుకో, ఆవిడ కూడా మర్నాటి దాకా ఆగింది. నేనది గమనించాను. గమనించినట్టు కనబడలేదు.

మర్నాడు భోజనాల దగ్గర ఇంకో సంగతి. ఆ చేపకి ముళ్లెక్కువ. నాకేమో కంట్లో శుక్లాలు తీయించాక కూడా సన్న ముల్లు ఆనదు. ఆవిడ తన కంచం పక్కన పెట్టి, ముక్క విప్పి, ముల్లు ముల్లూ వేలికొసతో తడిమి తీసి, ఒట్టి కండ నా అన్నంలో వేసింది. అలా తీస్తూనే, "ఇలసకైతేనే ఇన్ని ముళ్లుంటాయి" అంది. "పులసక్కూడా ఉంటాయి" అన్నాను. "ఉంటాయిలెండి, తినండి" అంది. నీటిమట్టం తగ్గుముఖం పట్టింది. సారీలూ థాంక్యూలూ మా పిల్లలు చెప్పుకుంటారు, ఫోన్లో వింటూంటాం. మా ఇంట్లో ఆ సరుకు దిగుమతి కాలేదు.

2027లో గోదారి పుష్కరాలు. కొంగు ముడేసుకుని సరిగంగ స్నానం చెయ్యాలని ఆవిడ ఇప్పట్నుంచే అంటోంది. ముడి ఒక చివర నాది, ఈత వచ్చింది ఆవిడకి. కాబట్టి అప్పటిదాకానైనా తగువులు మూడో హెచ్చరిక దాటనివ్వకూడదని నా వైపు నుంచి ఒక నిర్ణయం జరిగింది. అవతలి వైపు నుంచి ఇంకా జవాబు రాలేదు.

ఈ ఏడు ఎర్రనీరు వచ్చినప్పుడు పులస కొనబోయే పెద్దమనుషులకి ఒక మనవి. ఇంటావిడని వెంట తీసుకెళ్లండి. పులసా ఇలసా అన్న తగువు గట్టు మీదే పడండి. చేపలమ్మే ఆవిడ తీర్పు చెబుతుంది. డబ్బులు మాత్రం తీర్పు అయ్యాకే తియ్యండి.