పలుకు పంచాయితీ

మా ఇంట్లో పాస్తా ఉడికిందో లేదో చెప్పే అధికారం మైక్రోవేవ్‌కి లేదు. కొరికితే లోపల సన్నగా పలుకు తగలాలంటాడు మా అబ్బాయి. ఇటలీలో అలాగే తింటారని వాడి వాదన. పలుకు తగిలిందంటే చాలు, "ఉడకలేదే అమ్మాయ్, రాత్రికి కడుపునొప్పి ఖాయం" అని కంచం పక్కకు జరుపుతారు మా అత్తగారు. గిన్నె ఒకటే, ధర్మాసనాలు రెండు. ముద్దాయిని నేను.

చట్టం మా అబ్బాయి పక్షానే ఉంది. ఎండు పాస్తాను డ్యూరమ్ గోధుమ రవ్వతోనే చేయాలని ఇటలీవాళ్ళు 1967లో శాసనమే చేశారు. ఆ గోధుమలోని మాంసకృత్తులు గట్టిగా అల్లుకుని గంజిని పట్టి ఉంచుతాయి. అందుకే ఉడికినా బిగువు చెడదు. మైదాతో చేసిన చవక రకమైతే రెండు నిమిషాలు ఎక్కువైనా అత్తగారి పార్టీలోకి ఫిరాయిస్తుంది.

ఇక మైక్రోవేవ్ సంగతి. 1945లో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు రాడార్ పరికరం దగ్గర నిలబడి ఉండగా జేబులోని మిఠాయి కరిగిపోయిందట. అక్కణ్ణుంచి పుట్టిందీ పొయ్యి. 1947 నాటి మొదటి యంత్రం మనిషెత్తు ఉండేది, బరువు సుమారు 340 కిలోలు. దాన్ని కుదించి మన వంటింటి గట్టెక్కించారు కానీ, గొట్టాల్లాంటి పెన్నెకీ పొడుగాటి స్పగెట్టీకీ తేడా తెలిసే బుద్ధి మాత్రం పెట్టలేదు. ఆ బుద్ధి మనమే అరువివ్వాలి.

ప్యాకెట్ మీద 11 నిమిషాలని ఉంటే అది మరిగే నీళ్ళ లెక్క. చన్నీళ్ళతో మొదలుపెడితే, అవి కాగేదాకా గడిచిన కాలమంతా గంగపాలే. అందుకే నీళ్ళు ముందే మరగబెట్టి పోస్తాను, ప్యాకెట్ లెక్కకి రెండు మూడు నిమిషాలు కలుపుతాను. గిన్నె లోతుగా ఉండాలి, సగానికి మించి నిండకూడదు, మూత బిగించకూడదు. లేదంటే గంజి నురగెత్తి పొంగి, గాజు పళ్ళేనికి అభిషేకం జరుగుతుంది. మధ్యలో ఆపి కలపకపోతే ముక్కలన్నీ ఉమ్మడి కుటుంబమైపోతాయి, ఎవరు చెప్పినా విడిపోవు.

రకానికో గుణం. సన్నటి ఏంజెల్ హెయిర్ ఇలా ఫోన్ ఎత్తి అలా పెట్టేలోపు మెత్తబడిపోతుంది. అది అత్తగారి వాటా. పెన్నెకి నీళ్ళు లోపలా బయటా తగులుతాయి కనుక అంతా ఒకే తీరున ఉడుకుతుంది. స్పగెట్టీ గిన్నెలో పట్టదు, విరవాలి. ఇటలీ పేరెత్తే మా అబ్బాయి అప్పుడు మాత్రం కిటికీలోంచి బయటకు చూస్తాడు.

ఇద్దరికీ రాజీ కుదిర్చేది సీతాకోకచిలుక ఆకారంలో ఉండే ఫర్ఫల్లే ఒక్కటే అనుకున్నాను. రెక్కలు పల్చన, త్వరగా మెత్తబడతాయి. నడుమ నొక్కిన చోట మందం, పలుకు నిలుస్తుంది. ఒక్క ముక్కలోనే ఇద్దరి తీర్పూ అమలైనట్టే కదా!

వడ్డించాను. అత్తగారికి ముడి దగ్గర పలుకు తగిలింది. అబ్బాయికి రెక్కలు మెత్తగా తగిలాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి ఇద్దరూ ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు, నాకు వంట రాదని.