కట్ పీసుల పిచ్చి

మీరు నా మనుషులే కాబట్టి దాచను. నాకు కట్ పీసుల పిచ్చి. నగల షాపు ముందు నుంచి తల తిప్పకుండా వెళ్లిపోగలను. ఫోనులో "తాను చివర్లు, మీటరు 90 రూపాయలే" అన్న మాట కనబడిందా, పొయ్యి మీద పాలు పొంగి వీధిలోకి పారినా నాకు తెలియదు. మీకు మాత్రం ఇలాంటిది లేదంటారా? బట్ట కాకపోతే స్టీలు డబ్బాలు, అవీ కాకపోతే పూలకుండీలు. ఏదో ఒకటి ఉండే ఉంటుంది.

ఒకప్పుడు ఈ వేటకి సీతమ్మధార నుంచి పూర్ణా మార్కెట్ దాకా వెళ్లాల్సి వచ్చేది. చీర అంచు చేత్తో పట్టుకుని ఒక కొట్లో లైనింగు, ఇంకో కొట్లో దారం. రంగు కలిసిందో లేదో ట్యూబులైటు కింద ఒకసారి, గుమ్మం దిగి ఎండలో ఒకసారి చూసుకోవాలి. ఇప్పుడా బజారంతా మంచం మీదకే వచ్చేసింది. రాత్రి భోజనాలయ్యాక లైవులు మొదలవుతాయి. "సిస్టర్స్, నచ్చితే వెంటనే స్క్రీన్‌షాట్ పెట్టేయండి, సింగిల్ పీసే ఉంది" అంటుంది తెర మీద అమ్మాయి. ఆ మాట చెవిన పడ్డాక నా వేలు నా మాట వినదు.

ఇందులో ఆనందం డబ్బు మిగలడం ఒక్కటే కాదు. తాను చివర మిగిలిన మీటరుంపావు ముక్కతో కొట్టువాళ్లు ఏ సెట్టూ కట్టలేరు. వాళ్లకది అడ్డం. నాకు మాత్రం ఆ ముక్క చూడగానే చేతులకి ఎంత, వెనక భాగానికి ఎంత, మెడకి పైపింగు ఎక్కణ్ణుంచి వస్తుందో కళ్ల ముందు కత్తిరించి పరిచినట్టు కనిపిస్తుంది. దీనికో చదువుంది. ముందు పన్నా, అంటే బట్ట వెడల్పు, చూడాలి. 36 అంగుళాల పన్నాలో మీటరు పట్టే జాకెట్టు 44 అంగుళాల పన్నాలో 80 సెంటీమీటర్లలో వచ్చేస్తుంది. పన్నా రాయని చోట చవక కనిపిస్తే ఆగాలి. నూలో కాదో అనుమానమొస్తే ఒక పోగు లాగి వెలిగించాలి. నూలైతే కాగితం కాలిన వాసనేసి బూడిదవుతుంది, పాలిస్టరైతే కరిగి నల్లటి పూసలా గట్టిపడుతుంది. హుక్కులు, లేసు చుట్టలు, బక్రం, బాబిన్లు, 14 నంబరు సూదులు కూడా ఆన్‌లైనులో టోకున దొరుకుతాయి. కాకపోతే మన వైజాగు గాలికి సూదులు తుప్పు పడతాయి. ఎన్ని కావాలో అన్నే తెప్పించుకోవాలి.

ఇంత తెలిసినదాన్ని, చేత్తో అద్దే పెడన కలంకారీ దగ్గర మాత్రం కళ్లు మూసుకున్నాను. మీటరు ధర చూస్తే మామూలు ప్రింటు ధరే. రాత్రి పదకొండు దాటింది. ఐదు మీటర్లు పెట్టేశాను, పార్సిలు వచ్చింది, విప్పాను, భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకున్నాను, పక్కింటావిడకి చూపించాను, తోడికోడలికి ఫోటో పంపాను, కిందింటి వాళ్లని పిలిచి "అసలు పెడనది, ఇంతకే కొట్టేశాను" అన్నాను. చూపించడానికి ఎవరూ మిగల్లేదనుకుంటుండగా బందరు నుంచి మా పెద్ద వదిన దిగింది.

వదిన ఏమీ అనలేదు. బట్ట తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి వెనక్కి తిప్పింది. వెనక వైపు వెలవెలబోతూ ఉంది. మళ్లీ ముందుకు తిప్పి, ఒక పువ్వు దగ్గర నుంచి పక్క పువ్వు దాకా వేలు నడిపింది.

"అచ్చు ఎక్కడా తప్పలేదమ్మా. చేత్తో అద్దింది ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసైనా తప్పుతుంది" అంది.

ఆ సాయంత్రం వదిన చెబుతుంటే విన్నాను. పెడనలో ముందు బట్ట గంజి పోయేదాకా ఉతుకుతారు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. నలుపు కోసం తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి ఊరబెడతారు. ఎరుపు రావాల్సిన చోట పటిక అద్ది, తర్వాత రంగు నీళ్లలో ఉడకబెడతారు. టేకు అచ్చు ముంచి, బట్ట మీద ఆనించి, పైన అరచేత్తో ఒక్క చరుపు. మళ్లీ ముంచి, పక్కన ఇంకో చరుపు. మధ్యలో పారే నీళ్లలో ఉతుకులు. ఇంత పనికి నేనిచ్చిన ధరలో ఏ చేతికి కూలి గిట్టుతుంది? నాకు చవగ్గా దొరికిందని ఊరంతా చెప్పుకున్నాను గానీ, ఈ లెక్క ఒక్క నిమిషం కూడా వేసుకోలేదు. అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ ఐదు మీటర్లూ దిండు గలీబులయ్యాయి, బాగానే ఉన్నాయి. నేనూ మారలేదు, లైవులు చూస్తూనే ఉన్నాను. తాను చివర్లు, మిల్లు మిగుళ్లు, లైనింగులు, లేసులు ఎంత చవగ్గా దొరికితే అంత సంబరం. ఆ సంబరం వదులుకోమని ఎవరికీ చెప్పను. చేతి అద్దకం, చేనేతల లెక్క వేరు. మన పక్కనే పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఆ తర్వాత నూలు వడుకుతారు. అలాంటి బట్టకి ధర తగ్గించమని అడగడానికి ఇప్పుడు నాకు నోరు రాదు. డబ్బు చాలకపోతే ఐదు మీటర్ల చోట ఒక మీటరు కొనుక్కుంటాను, ఆప్కోకి వెళ్లి చేత్తో తడిమి మరీ.

మీరూ ఈ రాత్రి ఏదో ఒక లైవు చూస్తారు, నాకు తెలుసు. చూడండి. చేనేత అనో, చేతి అద్దకం అనో చెబితే మాత్రం డబ్బు పంపే ముందు పన్నా ఎంతో అడగండి, బట్ట వెనక వైపు ఫోటో పెట్టమనండి. పెట్టకపోతే కొనకండి.