అనవసర ఖర్చు

డాలస్‌లో ఉండే మా మిత్రుడు ఒక ట్రావెల్ ట్రైలర్ కొన్నాడు. పికప్ వెనక తగిలించుకుని లాక్కెళ్లే ఇల్లన్నమాట. అమ్మానాన్నలు, అంటే నాకు బాబాయిగారూ పిన్నిగారూ, వచ్చిన శీతాకాలంలో వాళ్లనీ తన పదేళ్ల కొడుకునీ అందులో బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి తీసుకెళ్లాడు. రియో గ్రాండే ఒడ్డున మకాం, నది దాటితే మెక్సికో. వాళ్ల బండిలో నాకూ ఓ సీటు దొరికింది.

ట్రైలర్ అడుగున మురుగు ట్యాంకులు రెండుంటాయి. స్నానాలవీ అంట్లవీ నీళ్లు చేరేది గ్రే ట్యాంకు, మరుగుదొడ్డిది బ్లాక్ ట్యాంకు. చెరో 40 గ్యాలన్లు. ఇలాంటి బండ్లలో, అంటే ఆర్వీల్లో, తిరగడం అలవాటైనవాళ్లు ఒళ్లు తడుపుకుని, కుళాయి కట్టేసి, సబ్బు రుద్దుకుని, మళ్లీ తిప్పుకుంటారు. బాబాయిగారికి ఆ పొదుపు నచ్చలేదు. నెత్తిమీద ధార పడకపోతే అది స్నానమే కాదు ఆయనకి. పిన్నిగారు బియ్యం మూడుసార్లు కడిగితేగానీ ఎసట్లో పోయరు. బయల్దేరే నాటికి రెండు మీటర్లూ నిండుగా చూపిస్తున్నాయి. బ్లాక్ ట్యాంకు మీటరు మాటని ఎవరూ లెక్కచెయ్యలేదు. లోపలి సెన్సార్లకి కాగితం అంటుకుని, ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడూ అది నిండిందనే అంటుంది. ఆ రోజు మాత్రం నిజం చెప్పింది.

పార్కులో మురుగు పారబోసే డంప్ స్టేషన్ దగ్గర బండ్లు బారులు తీరి ఉన్నాయి. దారిలో చూద్దామనుకున్నాం. మారథాన్ అనే చిన్న ఊళ్లో ఒక ఆర్వీ పార్కువాళ్లు 20 డాలర్లవుతుందన్నారు.

"మురుగు పారబొయ్యడానికి 1,700 రూపాయలా!" బాబాయిగారు సీట్లో ముందుకి జరిగారు. "పోనీరా, ఇంటికెళ్లాక చూసుకుందాం. 11 ఏళ్లు మున్సిపల్ కమిషనర్‌గా చేశాను. అనవసరమైన ఇండెంటు ఒక్కదాని మీద సంతకం పెట్టలేదు. ఒక్క ఆడిట్ అభ్యంతరం రాలేదు."

ఈ ఆడిట్ అభ్యంతరం సంగతి ఆ ప్రయాణంలో అప్పటికే చాలాసార్లు విన్నాం. మా వాడు మారు మాట్లాడకుండా బండి కదిలించాడు.

గ్యాలన్ నీళ్లు 3.8 కిలోల దాకా తూగుతాయి. రెండు ట్యాంకులూ కలిపితే 300 కిలోలు, అంటే మూడు క్వింటాళ్ల మురుగు. బరువొక్కటే అయితే పికప్ లాగేసేదే. అది ఎక్కడుందన్నది అసలు సంగతి. ట్రైలర్ మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం పికప్ కొక్కెం మీద ఆనాలి. మా వాడి ట్యాంకులేమో చక్రాలకి వెనక. వెనక బరువెక్కితే ముందు తేలుతుంది. ఇక ట్రైలర్ పికప్ మాట వినదు.

ఫోర్ట్ స్టాక్టన్ వెళ్లే 385 హైవే మీద గాలిని ఆపే చెట్టన్నది లేదు. ఎదురుగా ఒక పెద్ద లారీ వచ్చి దాటిపోయింది. అంతే, ట్రైలర్ తోక ఊపడం మొదలెట్టింది. ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి, ఊపు ఊపుకీ పికప్‌నీ ఈడుస్తూ. అప్పుడు కంగారుపడి బ్రేకు తొక్కితే కొంప మునుగుతుంది. మా వాడు స్టీరింగ్ బిగించి పట్టుకుని, ఆక్సిలరేటర్ మీంచి కాలు తీసి, ట్రైలర్ బ్రేకులకి విడిగా ఉండే మీటని చేత్తో మెల్లగా నొక్కాడు. బండి దారికొచ్చింది. పిన్నిగారు ఏడుకొండలవాడికి ఏం మొక్కారో ఇప్పటికీ బయటపెట్టలేదు.

ఫోర్ట్ స్టాక్టన్‌లో 30 డాలర్లన్నారు. బాబాయిగారు నోరెత్తలేదు.

మా వాడు నీలం గ్లౌజులు తొడుక్కుని గొట్టం బిగించాడు. ముందు బ్లాక్ ట్యాంకు తెరవాలి, ఆ తర్వాత గ్రే. సబ్బునీళ్లు వెనకొచ్చి గొట్టాన్ని కడిగేస్తాయి. మీట లాగేసరికి వాసన ముక్కుపుటాలదిరేలా కొట్టింది. పిన్నిగారు కొంగు అడ్డం పెట్టుకుని ఆమడ దూరం పోయారు. బాబాయిగారు మాత్రం కొడుకు చేతుల మీంచి చూపు తిప్పలేదు.

"ఆగరా! చెయ్యి పెట్టకు! వేలి దగ్గర చిరిగింది!"

"ఫర్లేదు నాన్నా, అయిపోవచ్చింది."

"ఫర్లేదేంటి? ఎన్ని రోగాలుంటాయో తెలుసా అందులో? గోరు సందులోంచి పోతే చాలు!" అని జేబులోంచి డాలర్ నోట్లు తీసి నా చేతిలో కుక్కారు. "బాబూ, ఆ కొట్లో మందపాటివి ఉంటాయేమో చూడు. ఎంతైనా సరే. రెండు పెట్టెలు పట్రా."

తెచ్చాను. కొడుకు చేతికి కొత్త జత తొడిగించి, పైన ఇంకో జత వేసుకునేదాకా ఆయన ఊరుకోలేదు. బిల్లు అడగలేదు.

పదేళ్ల మనవడు ముక్కు మూసుకుని ఇదంతా చూస్తున్నాడు. "తాతా, మీ టౌన్‌లో ఈ పని ఎవరు చేసేవాళ్లు?"

"మనుషులుండేవాళ్లు నాన్నా. నా కింద చాలామంది ఉండేవాళ్లు."

"వాళ్లు కూడా ఇలా డబుల్ గ్లౌజులు వేసుకునేవాళ్లా?"

బాబాయిగారు చేతిలో ఉన్న పెట్టె మూత మూశారు.

"ఏటా ఇండెంటు పెట్టేవాళ్లు," అన్నారు.