సస్పెన్స్ ఖాతాలో చిమ్మటలు

మా వీధిలో అమావాస్య ఎప్పుడో తెలుసుకోవడానికి పంచాంగం అక్కర్లేదు. పొద్దు గూకాక పక్క డాబా మీద తెల్లదుప్పటి వేలాడిందంటే అమావాస్యే. దాని ముందు లుంగీ ఎగ్గట్టి, నుదుటికి టార్చిలైటు బిగించుకుని, చంకలో లెడ్జరుతో నిలబడ్డ శాల్తీ మా బాబాయిగారు. వరసకేమీ కారు, పక్కింటాయన. ముప్ఫై నాలుగేళ్లు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. బ్యాంకు ఆయన్ని వదిలింది గానీ, ఆయన బ్యాంకుని వదల్లేదు.

రిటైరైనవాళ్లలో కొందరు వాట్సాప్‌లో పడతారు, కొందరు మిద్దెతోటలో పడతారు, ఇంకొందరు కాలనీ సంఘంలో పడి మనమీద పడతారు. ఈయన మొదట మిద్దెతోటలోనే పడ్డారు. కుండీలో నందివర్ధనం ఆకుల్ని ఎవరో రాత్రికి రాత్రి భోంచేసి పోతుంటే దొంగ కోసం కాపు కాశారు. దొరికింది వేలెడు లావు పచ్చటి గొంగళిపురుగు, తల వెనకాల రెండు నీలం కళ్లతో. నిజం కళ్లు కావు, పిట్టల్ని బెదిరించడానికి పెట్టుకున్న దొంగ కళ్లు. మందు కొట్టాల్సిన మనిషి దాన్ని పాత పచ్చడి జాడీలో పెట్టి, రోజూ ఆకులేసి సాకారు. కొన్నాళ్లకి అందులోంచి మిలిటరీ దుస్తుల్లాంటి ఆకుపచ్చ చారల రెక్కలతో ఒక చిమ్మట బయటికొచ్చి, జాడీ అంచు మీద కూర్చుని, ఎగరబోయే ముందు ఒళ్లంతా వణికించుకుంది. ఆ వణుకు ఈయనకి అంటుకుంది.

పద్ధతి చెప్తాను. దుప్పటి ముందు 160 వాట్ల మెర్క్యురీ బల్బు. వెన్నెల్లో దీపానికి గిరాకీ తక్కువ, అందుకే అమావాస్య. గాలి స్తంభించి, ఉక్కపోసి, వాన పడబోతున్నట్టుంటే మనకి చిరాకు, ఆయనకి సంక్రాంతి. మేలుకోలేని రోజుల్లో బకెట్టు మీద గరాటు, గరాటు పైన దీపం, బకెట్టులో కోడిగుడ్ల అట్టలు. జారిపడ్డ చిమ్మటలు అట్ట గుంటల్లో తలోటీ చూసుకుని పడుకుంటాయి. తెల్లారాక లెక్కపెట్టి, ఫొటో తీసి, కాకులు చూడకుండా మొక్కల్లో వదిలేయాలి. దీపానికి రాని పెద్దమనుషులు కొందరుంటారు. వాళ్లకోసం మిగలమాగిన అరటిపళ్లలో బెల్లం, కాస్త కల్లు పోసి పిసికి, మామిడిచెట్టు మొదలుకి పూస్తారు.

ఇదే సంగతి ఇప్పుడు వీధిలోంచి చూడండి. ఉల్లిపాయ కూడా తినని ఇంట్లోంచి చెత్తబండికి కోడిగుడ్ల అట్టలు. పెరటి గుమ్మంలో కల్లు సీసా. అమావాస్య అర్ధరాత్రి తెల్లగుడ్డ, దీపం, చెట్టు మొదట్లో అరటిపళ్లు, బెల్లం. పైగా పెదాల మీద ఏవో మంత్రాలు. అవి లాటిన్ పేర్లని నాకు తెలుసు గానీ, ఎదురింటి మామ్మగారికి ఎలా తెలుస్తుంది? ఆవిడ గుమ్మానికి నిమ్మకాయలు కట్టించింది.

లెడ్జరు మాత్రం చూడదగ్గది. తేదీ, టైము, వాతావరణం, రకం, సంఖ్య, రిమార్కులు. పేరు తేలనివన్నీ సస్పెన్స్ ఖాతాలోకి పోతాయి. పేరు తేలేలోపు బల్లి మింగితే రైటాఫ్. గోడ మీద బల్లిని ఆయన చూసే చూపు ఆడిటర్ని చూసే చూపే.

పేర్ల దగ్గరే ఆయనకి బాధ. మన దేశంలో చిమ్మటలు పదివేల రకాల పైమాటే. తెలుగులో పేరున్నవి ఎన్ని? శనగపచ్చ పురుగు, పొగాకు లద్దెపురుగు, కత్తెర పురుగు, పత్తిలో గులాబీరంగు పురుగు. అన్నీ పిల్లల పేర్లే, అదీ పంట తిన్న పిల్లలవి. వాటి తల్లులూ, ఎవరి జోలికీ పోని మిగతా వేలూ మనకి ఉత్త దీపం పురుగులు. "బ్యాంకులోనూ అంతేరా, బాకీ ఎగ్గొట్టినవాడి పేరే అందరికీ గుర్తు" అంటారు.

అందుకని అసలు పేరు దొరికేదాకా తాత్కాలికంగా ఒకటి తగిలిస్తారు. బూడిదరంగు బొచ్చుకోటుతో దుప్పటి నడిమధ్యన కదలకుండా కూర్చునేది 'రీజినల్ మేనేజర్'. రాత్రంతా అంచుల్లో గిరికీలు కొట్టి ఎక్కడా వాలనిది 'ట్రాన్స్‌ఫర్ కేసు'. అసలు పేరు కోసం హాంప్సన్ పుస్తకం తిరగేస్తారు. నీలగిరుల్లో తేయాకు పండిద్దామని వచ్చిన ఆ ఇంగ్లీషాయన చిమ్మటల్లో పడి, 1892 నుంచి 1896 దాకా వాటిమీద నాలుగు సంపుటాలు రాశాడు. "చూశావా, టీ వ్యాపారం ఎలా పోయిందో" అని పిన్నిగారి వ్యాఖ్య. కొన్ని జాతులు పైకి అచ్చు ఒకేలా ఉంటాయి, జననాంగాలు కోసి భూతద్దం కింద చూస్తే గానీ తేలదు. ఈ మాట ఆడవాళ్లుండగా చెప్పాల్సొస్తే బాబాయిగారు "లోపలి డాక్యుమెంట్లు చూడాలి" అంటారు.

పిన్నిగారిది వేరే కష్టం. దుప్పట్లు పోయాయి, బీరువాలోంచి కలరా ఉండలు పోయాయి. గొణిగితే, "నీ కంచిపట్టు చీరెవరిచ్చారనుకున్నావు? అదీ చిమ్మటే" అంటారాయన. "మా పుట్టింటివాళ్లు" అంటుందావిడ.

నాకూ ఆయన నష్టం చేశారు. కుర్రతనంలో నేను దీపాన్ని ప్రేమించి మాడిపోయే శలభం మీద ఒక కవిత రాశాను. అది విని ఆయన జాలిగా నవ్వారు. ప్రేమా లేదు, దోమా లేదుట. రాత్రి ఎగిరే పురుగు వీపుని వెలుతురు వైపు పెట్టుకుంటుందిట. ఎందుకంటే, తరతరాలుగా దానికి వెలుతురంటే పైనున్న ఆకాశం. మధ్యలో మన బల్బొచ్చేసరికి, అదే ఆకాశమనుకుని వీపు అటు తిప్పుతుంది, తిప్పినకొద్దీ దాని చుట్టూనే తిరుగుతుంది. 2024లో అచ్చయిన ఒక పరిశోధనలో హైస్పీడు కెమెరాలు పెట్టి మరీ చూశారుట. ఆత్మాహుతి అనుకున్నది ఆఖరికి అడ్రసు పొరపాటని తేలింది. ఆ కవిత మళ్లీ ఎక్కడా చదవలేదు.

మొన్న అమావాస్యకి ఎదురింటి మామ్మగారు తాడో పేడో తేల్చుకోవడానికి ఇంజనీరు కొడుకుని వెంటబెట్టుకుని డాబా ఎక్కింది. ఆ కొడుకు మెట్ల మీదే మూఢనమ్మకాల గురించి ఉపన్యాసం అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే పిచ్చుకంత పురుగొకటి ధబ్బున వచ్చి దుప్పటికి కొట్టుకుని వాలింది. టార్చి వేశాం. నల్లటి వీపు మీద పసుపురంగులో పుర్రె! కళ్ల గుంటలతో సహా, ఎవరో కూర్చుని గీసినట్టు. బాబాయిగారు ముద్దుగా వేలితో తాకారు. అది ఎలకపిల్లలా కీచుమంది. ఇంజనీరు ఏ మెట్లెక్కి వచ్చాడో ఆ మెట్లు తాకకుండానే కిందికి పోయాడు.

మామ్మగారు కదల్లేదు. "ఏం తింటుంది నాయనా ఇది?" అంది.

"పిల్లగా ఉన్నప్పుడు నువ్వు చేలో ఆకులండి. రెక్కలొచ్చాక తేనెపట్టులో దూరి తేనె తాగుతుంది."

"నువ్వులా!" అని ఆవిడ చెంపలు వేసుకుంది. పుర్రె కేసి కాసేపు చూసింది. "మా ఆయనకీ తేనంటే ప్రాణం. ఆ గొంతు కూడా... లైటు ఆర్పు నాయనా, కళ్లు మండుతాయి."

బాబాయిగారి సర్వీసులో నిండు అమావాస్యనాడు బల్బు ఆర్పడం అదే మొదలు. పొద్దున లెడ్జరు చూశాను. రకం: పుర్రె చిమ్మట. సంఖ్య: 1. సాక్షులు: ముగ్గురు, ఒకరు మధ్యలో నిష్క్రమణ. రిమార్కుల గడిలో గుండ్రటి అక్షరాలు: 'ఎదురింటి కీర్తిశేషులు తాతగారు కావచ్చునని మామ్మగారి అభిప్రాయం. సస్పెన్స్ ఖాతా.'