ఖాళీ చేయడమే నా గుణం

నా పేరు సర్పగంధ. పాతాళగంధి అన్నా నేనే. చిన్న పొదను, గన్నేరు కుటుంబంలో పుట్టాను. తూర్పు కనుమల్లోనూ హిమాలయాల దిగువ అడవుల్లోనూ చెట్ల నీడా తేమనేలా దొరికిన చోట, ఎర్రటి కాడల మీద తెల్లటి పూలు పూస్తాను. మనుషులకు నా పూలతో పనిలేదు. చేదుగా ఉండే నా వేరు కావాలి. వేరు కావాలంటే మొక్కనే పెకలించాలి. అలా అడవులకు అడవులే నన్ను పోగొట్టుకున్నాయి. ఇప్పుడు నన్ను దేశం దాటించాలంటే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం అనుమతి ఉండాలి.

పాముకాటుకు విరుగుడని నా వేరు అరగదీసి తాగించినవాళ్లున్నారు. అది నావల్ల అయ్యే పని కాదు. పాము కరిస్తే ఆసుపత్రికే పరుగెత్తాలి. బీహారులో మాత్రం నన్ను పిచ్చికి మందని అమ్మేవారు. ఆ మాటలో నిజం ఉంది. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే వైద్యులు ఉన్మాదానికీ రక్తపోటుకీ నా వేరు పనిచేస్తుందని రాశారు. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో రక్తపోటు మీద ప్రచురించిన వ్యాసంతో పాశ్చాత్య వైద్యులు నావైపు తిరిగి చూశారు. 1952లో స్విట్జర్లాండులోని సిబా కంపెనీ శాస్త్రవేత్తలు నాలోని అసలు సారాన్ని విడదీసి రెసర్పిన్ అన్నారు.

ఆ రెసర్పిన్ మెదడులో ఏం చేస్తుందో చెబుతాను. ఒక నరకణం పక్క కణానికి కబురు పంపాలంటే డోపమిన్, సెరొటోనిన్, నారడ్రినలిన్ లాంటి పదార్థాలు కావాలి. వాటిని కణం గాదెలో ధాన్యంలా అతి చిన్న సంచుల్లో దాచుకుంటుంది. ఆ సంచులను నింపే ప్రోటీన్ ఒకటుంది. నేను దాన్ని పట్టుకున్నానంటే వదలను. సంచిలోకి చేరలేక బయట మిగిలిన సరుకును కణంలోని ఎంజైములు విరిచేస్తాయి. అంటే నేను మెదడుకు కొత్తగా ఇచ్చేదేమీ లేదు, దాచుకున్నదాన్ని ఖాళీ చేస్తానంతే. మందు మానేసినా ఆ లోటు వెంటనే తీరదు, కణం కొత్త ప్రోటీన్ తయారుచేసుకోవాలి.

అందుకే కేకలు వేసి కలబడే రోగి నెమ్మదించేవాడు. రక్తపోటు దిగేది. 1954 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలో మనోవైద్యుడు నేథన్ క్లైన్ ఈ మార్పును ప్రకటించాక మానసిక ఆసుపత్రుల్లో నాకు గిరాకీ పెరిగింది. కానీ ఖాళీ అయిన మెదడు నెమ్మదించడంతో ఆగదు. మోతాదు పెరిగితే ఒళ్లు బిగుసుకుపోయేది, చేతులు వణికేవి, ముక్కు దిబ్బడ వేసేది. కొందరు తీరని దిగులులో కూరుకుపోయారు. ఆ దిగులుకు నేనెంత కారణమో వైద్యులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఏమైనా, పొడి రూపంలో దొరికింది కదా అని నన్ను సొంతంగా మింగేవాళ్లను చూస్తే భయమేస్తుంది. ఒక వేరులో ఉన్నంత సారం ఇంకో వేరులో ఉండదు. ఇప్పటికే రక్తపోటు మాత్రలు వాడేవారికీ దిగులుతో బాధపడేవారికీ నావల్ల ముప్పు ఇంకా ఎక్కువ.

1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ బృందం కుందేళ్లకు రెసర్పిన్ ఇచ్చింది. చెవులు వాలిపోయి, కదలికే లేకుండా పడిపోయాయవి. డోపమిన్ తయారీకి ముడిసరుకైన డోపా ఎక్కించగానే కొద్ది నిమిషాల్లో లేచి తిరిగాయి. సెరొటోనిన్ ముడిసరుకు ఎక్కిస్తే లేవలేదు. డోపమిన్ మెదడులో స్వయంగా పనిచేసే పదార్థమని, కదలిక దాని చేతిలో ఉందని అలా తేలింది. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ వచ్చింది. పార్కిన్సన్స్‌తో బిగుసుకుపోయిన మనిషి ఇవాళ ఆ డోపానే లెవోడోపా మాత్రగా వేసుకుని అన్నం ముద్ద నోటిదాకా తీసుకెళ్లగలుగుతున్నాడంటే, నేను ఖాళీ చేసిన ఆ కుందేళ్ల మెదళ్లలోనే ఆ మాత్రకు దారి దొరికింది.